జల్లించిన మట్టి

మిషిగన్‌లో మేముండే ట్రాయ్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కార్ల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు నలుగురైనా తగులుతారు. చేతిలో ప్లేటు పట్టుకుని నా పక్కన చేరి, "అంకుల్, మీరు అడవుల్లో పెద్ద పెద్ద బండ్ల మీద రీసెర్చ్ చేశారట కదా! సూపర్ జాబ్ అంకుల్!" అంటారు. అడవిలో నేనేమీ నడపలేదు బాబూ, షెడ్డులో ఒకే ఒక్క చక్రం నడిపాను, అది కూడా తొట్టెలో అంటే నవ్వుతారు. జోకు వేశాననుకుంటారు. వాళ్ళకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పలావు తింటున్నవాళ్ళకు చెప్పే కథ కాదది. ఇప్పుడు తీరిగ్గా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. రోజంతా కంప్యూటర్ తెరమీద చక్రాలు తిప్పే పిల్లలు చదివితే సంతోషం. పెద్దాయన గొప్పలు చెబుతాడని ఆశపడేవాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోవచ్చు.

రెండువేల రెండు ప్రాంతంలో మా కంపెనీలో టైర్ల విభాగం సగానికి సగం ఖాళీ అయింది. ఆ సగంలో నేనూ ఉన్నాను. కొన్ని నెలలు ఇంట్లో కూర్చుని మా ఆవిడకు వంటలో సలహాలిచ్చాక, ఆవిడే ఇంటర్నెట్‌లో వెతికి ఒక ఉద్యోగం చూపించింది. ఉత్తరాన, కారులో మూడు గంటల దూరంలో ఒక చిన్న పరిశోధనశాల. చెట్లు కొట్టాక దుంగల్ని మోసుకొచ్చే భారీ యంత్రాలు అడవి నేలను ఎంత పాడుచేస్తాయి, ఎలాంటి టైరు వేస్తే తక్కువ పాడవుతుంది అన్నది అక్కడి పని. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేసేవాణ్ణి.

పరిశోధనశాల అంటే పెద్ద రేకుల షెడ్డు. లోపల రైలు పెట్టె అంత పొడవు కాంక్రీటు తొట్టె. తొట్టె నిండా మట్టి. తొట్టె అంచుల మీద పట్టాలు, పట్టాల మీద ఒక బండి, ఆ బండికి వేలాడదీసిన ఒక చక్రం. చక్రం మీద ఎంత బరువు కావాలంటే అంత మోపి, టైరులో గాలి తగ్గించి, పెంచి, మట్టిలో నడిపేవాళ్ళం. చక్రం వెళ్ళాక మట్టిలో పడిన గాడి లోతు కొలిచేవాళ్ళం. ఉద్యోగమంతా ఇంతే.

చక్రం సంగతి చూసేవాడు నాకంటే కాస్త చిన్నవాడు, వరంగల్ వాడు. అంత ఉత్తరాన మరో తెలుగు గొంతు దొరికినందుకు మొదటిరోజే నన్ను అన్నా అన్నాడు. నాకు అప్పగించింది మట్టి. అడవి నుంచి లారీలో మట్టి వచ్చేసరికి అందులో అడవంతా ఉండేది. ఆకులు, వేళ్ళు, రాళ్ళు, వానపాములు, ఒకసారి ఎవరిదో చేతి తొడుగు. చక్రం నడుస్తుండగా ఒక వేరు అడ్డం పడితే చాలు, గ్రాఫు ఎగిరి గంతేసేది. మా డైరెక్టరుకు అది నచ్చేది కాదు. ఆయన సన్నగా పొడుగ్గా ఉండే అమెరికన్, గొంతు పెంచి ఎరగడు. "ఒకే పరీక్ష రెండుసార్లు చేస్తే ఒకే జవాబు రావాలి. రాలేదంటే అది సైన్సు కాదు, వాతావరణం," అనేవాడు.

ఒకే జవాబు రప్పించే పని నేను నెత్తికెత్తుకున్నాను. మట్టిని ఆరబోసి జల్లెడ పట్టించాను. వేళ్ళన్నీ ఏరించాను. లెక్కకు సరిపడా తడిపి, ప్రతి పరీక్షకూ ముందు టిల్లర్‌తో తిరగేసి, చదును చేసి, రోలర్‌తో అణిచి, తొట్టె ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గట్టిదనం తెప్పించేవాణ్ణి. ఎక్కడ కడ్డీ గుచ్చినా ఒకేలా దిగేది. నేను చేరకముందు గ్రాఫులు పిచ్చి గీతల్లా ఉండేవట. నేను చేరాక గీత గీసినట్టు వచ్చేవి.

"అన్నా, మీ ఇంట్ల ఉప్మా రవ్వ గూడ ఇంత మంచిగ జల్లిస్తరా?" అని మా వరంగల్ తమ్ముడు ఆటపట్టించేవాడు.

"నువ్వు చక్రం చూసుకోవయ్యా," అనేవాణ్ణి గానీ లోపల గర్వంగానే ఉండేది. ఇంకెక్కడినుంచో వచ్చిన పరిశోధకులు మా తొట్టె ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే మా ఆవిడ, "ఇంత చదువూ చదివి అక్కడ మట్టి జల్లిస్తున్నారన్నమాట. మా అమ్మకు చెప్పకండి," అంది.

రెండేళ్ళు ఇలా నడిచాక మా పని అంతా కలిపి ఒక ఛార్టు తయారుచేశాను. నేల ఇంత తడిగా ఉంటే, ఈ వెడల్పు టైరులో ఇంత గాలి పెడితే, యంత్రం ఇన్నిసార్లు తిరిగినా గాడి ఇంతకు మించి పడదు అని చెప్పే ఛార్టు. పచ్చరంగు వేసిన భాగంలో ఉంటే భయం లేదు. దాన్ని గోడకు తగిలించినప్పుడు పనంతా ముగించుకుని నా సొంత ఇంటికి తాళం వేస్తున్నట్టు అనిపించింది.

ఆ ఏడు మాకు డబ్బిచ్చేవాళ్ళు చలికాలం రాకముందే ఒక మాట అడిగారు. తొట్టెలో చూపించింది చాలు, నిజం అడవిలో చూపించండి అన్నారు. డైరెక్టరు ఊరి చుట్టుపక్కల అడిగించాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. ఆవిడకు ఇంటి వెనకే చిన్న అడవి ఉంది. సగం మేపుల్ చెట్లు, సగం యాష్ చెట్లు. అప్పట్లో ఎక్కడినుంచో ఒక పురుగు వచ్చిపడి మిషిగన్‌లో యాష్ చెట్లన్నిటినీ నిలువునా ఎండబెడుతోంది. ఎండిన చెట్లు విరిగి మేపుల్ మీద పడకముందే తీయించాలి. ఆవిడ ప్రాణమంతా ఆ మేపుల్ చెట్ల మీదే. చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో వాటికి చిన్న కన్నం పెట్టి, బకెట్లు కట్టి, కారిన రసాన్ని పాకం కాస్తుంది. మన దగ్గర తాటి బెల్లం కాచినట్టే. ఆ పాకం ఊరంతా కొనుక్కునేది. ఆ కొద్ది వారాల కోసమే మిగతా ఏడాదంతా గడిపేదని ఆవిడే చెప్పింది.

ఒప్పుకునే ముందు మా షెడ్డు చూడటానికి వచ్చింది. నా పేరు నోరు తిరక్క నన్ను సాయిల్ మ్యాన్ అని పిలిచేది. తొట్టెలో చెయ్యిపెట్టి మట్టి తీసుకుని వేళ్ళమధ్య రాసి చూసి, "కేకుపిండిలా ఉందే!" అని మురిసిపోయింది. పరీక్ష ఒకటి చేసి చూపించాం. అయ్యాక టిల్లర్ వచ్చి గాడిని చెరిపేసి, రోలర్ వచ్చి నున్నగా చేస్తుంటే చిన్నపిల్లలా చూసింది. "అయితే ఎన్నిసార్లు తప్పు చేసినా మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చన్నమాట," అంది. అదే మా సౌకర్యం అన్నాను.

వారం తర్వాత ఆవిడ వంటగదిలో అందరం కూర్చున్నాం. డైరెక్టరు, వరంగల్ తమ్ముడు, చెట్లు కొట్టే కాంట్రాక్టరు, నేను. ఆ ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. చలికాలం నేల గడ్డకట్టి రాయిలా అయ్యేదాకా పెద్ద యంత్రాలను అడవిలోకి దింపరు. మేపుల్ వేళ్ళు నేలకు పైపైనే ఉంటాయని అక్కడ అందరికీ తెలుసు. ఆవిడ అదే అడిగింది.

"జనవరిదాకా ఆగుదామా? అప్పటికి నేల గట్టిపడుతుంది. ఎండిన చెట్లు ఇంకో రెండు నెలలు నిలబడవూ?"

డైరెక్టరు నావైపు చూశాడు. జనవరిదాకా ఆగితే డబ్బిచ్చేవాళ్ళ గడువు దాటిపోతుంది. నా ఛార్టు ఫైలులోనే ఉండిపోతుంది. ఆవిడ భయానికి జవాబు చెప్పాల్సింది పోయి నా ఛార్టుకు లాయరునయ్యాను. టేబుల్ మీద దాన్ని పరిచి, పచ్చరంగు మీద వేలుపెట్టి, "మేడం, ఆగనక్కర్లేదు. మీ చెట్లకు యంత్రం వచ్చి వెళ్ళిన సంగతి కూడా తెలియదు," అన్నాను.

కాంట్రాక్టరు భుజాలెగరేసి, "వీళ్ళు చదువుకున్నవాళ్ళు," అన్నాడు. ఆవిడ ఛార్టు వైపు కాక నా మొహం వైపు చూసి, "సరే, సాయిల్ మ్యాన్," అంది.

ప్రదర్శన రోజుకు ముందు వానలు పడ్డాయి. మాకు కావలసింది అదే, తడి నేల. మేపుల్ ఆకులు ఎర్రగా మండిపోతున్నాయి. గాలి తగ్గించిన వెడల్పు టైర్లతో యంత్రం దుంగలు వేసుకుని, మేపుల్ చెట్ల మధ్య బాటలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా పోతూ వస్తూ ఉంది. డబ్బిచ్చేవాళ్ళు రబ్బరు బూట్లలో నిలబడి చూశారు. ఆఖరి ట్రిప్పు అయ్యాక నేను మోకాళ్ళ మీద కూర్చుని గాడిలో చెయ్యి పెట్టాను. నా అరచెయ్యి మందం కూడా లేదు. ఛార్టు చెప్పినదానికంటే తక్కువే. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫొటో తీశారు. గాడిలో చెయ్యిపెట్టి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న నేను, నా పక్కన ఎర్రటి మేపుల్ చెట్ల వరస. ఆవిడ నన్ను కావలించుకుని, రెండు సీసాల పాకం చేతిలో పెట్టింది.

ఆ పాకంతో మా ఆవిడ అరిసెలు చేయబోయింది. పాకం ముదరక పిండి జారిపోయి, చివరికి అట్లు పోసింది. "మీ రీసెర్చ్ బాగుంది గానీ బెల్లానికి పనికిరాదు," అంది. ఆ శీతాకాలమంతా మా ఇంట్లో పెసరట్ల మీద కూడా మేపుల్ పాకమే. నేను గాల్లో తేలుతున్నాను. పదవి పేరుకు ముందు సీనియర్ అన్న మాట చేరింది. ఫొటోను పెద్దది చేయించి షెడ్డు వాకిట్లో పెట్టారు.

తర్వాతి వసంతంలో ఆ పెద్దావిడ మమ్మల్ని పిలిచింది. బకెట్లు నిండుగా ఉన్నాయి. ఆ మరుసటి ఏడూ పిలిచింది. "బాటకు దగ్గరగా ఉన్నవి పోయిన ఆగస్టులోనే, రెండు నెలలు ముందుగా ఎర్రబడ్డాయి, చూశావా?" అని మామూలుగా అడిగింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి కదా అన్నాను. ఆ పై ఏడు ఫోనులో, "కొన్నింటికి రసం సరిగా రావట్లేదు," అంది. ముసలి చెట్లేమో అన్నాను. ఎండలని నిజంగా నమ్మాను. ముసలివన్న మాట నమ్మానో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. వెళ్ళి చూడటానికి కారులో ఇరవై నిమిషాలు పట్టేది. వెళ్ళలేదు.

ఒక జూన్‌లో ఆవిడ డైరెక్టరుకు కాక నేరుగా నాకే ఫోను చేసింది. కోపం లేదు. "సాయిల్ మ్యాన్, ఒకసారి వస్తావా? ఒక పార కూడా తీసుకురా," అంది. వరంగల్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

దూరంనుంచే కనబడింది. అడవంతా పచ్చగా ఉంది. యంత్రం నడిచిన బాటకు రెండువైపులా ఉన్న మేపుల్ చెట్లు మాత్రం పైకొమ్మలు బోడిగా, పాపిట తీసినట్టు వరసగా ఎండిపోయి ఉన్నాయి. బాట ఎక్కడ మలుపు తిరిగిందో ఎండిన వరస కూడా అక్కడే మలుపు తిరిగింది. ఎండలకూ, ముసలితనానికీ అలా మలుపు తిరగడం చేతకాదు. ఆవిడ నన్ను తీరిగ్గా చూడనిచ్చింది.

బాటమీద గాడి లేదు. నిజంగానే లేదు. ఆకుల మీద ఆకులు పడి నేల నున్నగా ఉంది. తమ్ముడు పార దింపాడు, దిగలేదు. కాలితో తొక్కితే కొంచెం దిగింది. మరోసారి తొక్కి పెళ్ళ పైకెత్తాడు. మట్టి పలకలు పలకలుగా లేచింది. రంధ్రం లేదు, వానపాము లేదు, సన్న వేరు ఒక్కటి లేదు. ఉన్న లావు వేళ్ళు చితికి నల్లబడి ఉన్నాయి. బాటకు దూరంగా ఇంకోచోట తవ్వితే పార దానంతటదే దిగిపోయింది, మట్టి గుల్లగా, వేళ్ళతో అల్లుకుని, స్పాంజిలా ఉంది.

తమ్ముడు రెండు పెళ్ళల్నీ పక్కపక్కన పెట్టాడు. బాటలో తీసిన పెళ్ళను చేత్తో నలిపి, నావైపు చూడకుండానే, "అన్నా, ఇది మనదే గదా," అన్నాడు.

నేనూ గుర్తుపట్టాను. అది మా తొట్టెలో మట్టి. వేళ్ళు లేని, గుల్లదనం లేని, ఎక్కడ గుచ్చినా ఒకేలా ఉండే మట్టి. ఇన్నేళ్ళూ నేను చక్రం కింద పెట్టింది రోలర్ అప్పటికే అణిచేసిన మట్టిని. పోవలసింది నా చేతుల్లోనే ముందే పోయింది కాబట్టి, చక్రం ఎన్నిసార్లు నడిచినా దానికి పోయేది ఏమీ ఉండేది కాదు. అందుకే నా గ్రాఫులు అంత ముచ్చటగా వచ్చాయి. అడవి నేల అలా కాదు. పైన వేళ్ళ అల్లిక పరుపులా కుంగి మళ్ళీ లేచింది, అందుకే గాడి కనబడలేదు. ఆ పరుపు కింద గాలి, నీరు తిరిగే దారులన్నీ మూసుకుపోయాయి. అరచెయ్యి పెట్టి నవ్విన చోట ఇంకొంచెం లోతుకు వేళ్ళు గుచ్చి ఉంటే ఆ రోజే తెలిసేది. అరవై దగ్గరపడుతున్న మనిషిని, పరీక్ష తప్పిన పిల్లాడిలా పెళ్ళ చేత్తో పట్టుకుని తల దించుకుని నిలబడ్డాను.

"నేను చెప్పింది తప్పు," అన్నాను.

ఆవిడ ఆ పెళ్ళను తీసుకుని చూసింది. "మీ షెడ్డులో దీన్ని మళ్ళీ గుల్ల చేస్తారుగా, ఆ యంత్రంతో. ఇక్కడ చేయడానికి వీలుందా?" అని అడిగింది. గొంతులో నిజమైన ఆశ ఉంది. నన్ను దెప్పడానికి అడగలేదు. అదే నాకు మరీ కష్టమైంది.

"టిల్లర్ పెడితే మిగిలిన వేళ్ళు కూడా తెగిపోతాయి మేడం."

"మరి దానంతటది ఎప్పటికి బాగవుతుంది?"

అన్నిటికీ ఛార్టు ఉన్నవాణ్ణి, దీనికి లేదు. "మన కాలంలో కాదనుకుంటాను," అన్నాను చివరికి.

ఆవిడ తల ఊపి, పెళ్ళను జాగ్రత్తగా తీసిన గోతిలోనే పెట్టి, చెప్పుకాలితో అదిమింది. "అయితే ఇక్కడ రెండోసారి మొదలుపెట్టడం లేదన్నమాట," అంది. తర్వాత మాకు కాఫీ ఇచ్చింది. తాగకపోతే బాధపడుతుందని తాగాం.

తిరుగుదారిలో కారు తమ్ముడే నడిపాడు. "నేను గూడ ఆ రోజు చప్పట్లు కొట్టిన గదన్నా," అన్నాడు ఒకచోట. వాడు చప్పట్లు కొట్టాడు, మాట ఇచ్చింది మాత్రం నేను. ఆ తేడా ఇద్దరికీ తెలుసు.

డైరెక్టరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పూర్తిగా విని, మా రిపోర్టు తీసి చూసి, "ఇందులో గాడి లోతు గురించే రాశాం. అది సరిగ్గానే వచ్చింది. చెట్ల గురించి మనం ఎక్కడా రాయలేదే," అన్నాడు. నిజమే, రిపోర్టులో లేదు. చెట్ల గురించి చెప్పింది నేను, ఆ వంటగదిలో, నోటితో. నేను పట్టుబట్టగా ఛార్టు గోడమీంచి దిగింది. ఆ తర్వాత అడవి నేలను వేళ్ళతో సహా దిమ్మలుగా కోసి తెచ్చి, జల్లించకుండా చక్రం కింద పెట్టడం మొదలుపెట్టాం. గ్రాఫులు మళ్ళీ పిచ్చి గీతలయ్యాయి. రెండు పరీక్షలు ఒకేలా వచ్చేవి కావు. నాకు అవే నమ్మకంగా అనిపించేవి. వాకిట్లో ఫొటో తీయమని కూడా అడిగాను. మంచి ఫొటో, ఉండనివ్వు అన్నారు. రిటైరయ్యేదాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని ముందునుంచే నడిచాను, తల పక్కకు తిప్పుకుని.

రిటైరైన రోజు నాకిచ్చిన కానుక ఏమిటో మీరు ఊహించే ఉంటారు. అదే ఫొటో, ఖరీదైన ఫ్రేములో, అడుగున ఇత్తడి రేకు మీద అడవికి నేను చేసిన సేవ గురించి నాలుగు మాటలు. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. నవ్వాను. ఏం చేయను?

ఇంటికి తెచ్చి గోడకు ఆనించాను. మా ఆవిడ చాలాసేపు చూసి, "చెట్లు ఎంత బాగున్నాయండీ," అంది. అంతవరకూ ఆ ఫొటోలో నేను చెట్లను చూడలేదు. నా మొహమూ, నా చెయ్యీ, సిగ్గూ, అంతే చూశాను. మర్నాడు ఫ్రేము విప్పి, ఇత్తడి రేకు ఇంట్లో వదిలేసి, ఫొటో ఒక్కటి చుట్టుకుని ఉత్తరానికి డ్రైవ్ చేశాను.

ఎండిన మేపుల్ చెట్లను ఆ పెద్దావిడ అప్పటికే కొట్టించింది, ఈసారి జనవరిలో. పాకం కాచే గదిలో పొయ్యి ఉంది, బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉన్నాయి. దూరంగా మిగిలిన కొన్ని చెట్లకే కడుతోందట. ఫొటో విప్పి బల్లమీద పరిచాను. ఆవిడ వంగి చూసింది, ఒక్కో చెట్టు మీదా వేలుపెట్టి.

"వీటిని నేనెప్పుడూ ఫొటో తీయలేదు. రోజూ చూసేవాటిని ఎవరు తీస్తారు?" అంది. "ఇది నాకిస్తావా?"

అందుకే తెచ్చానన్నాను. గోడమీద ఉన్న పాత ఫ్రేము దించి, అందులో ఉన్న క్యాలెండరు బొమ్మ తీసేసి, ఫొటోను అమర్చి చూసింది. వెడల్పు చాల్లేదు. ఇటు జరిపితే చెట్లు పోతున్నాయి, అటు జరిపితే నేను పోతున్నాను. ఆవిడ మర్యాదస్తురాలు. ఫ్రేము చేత్తో పట్టుకుని నావైపు చూసింది.

నేనే ఫొటో తీసుకుని, గాడిలో చెయ్యిపెట్టి నవ్వుతున్న నన్ను వెనక్కి మడిచి, గోరుతో మడత గట్టిగా నొక్కి, ఆవిడ చేతికిచ్చాను.